హైదరాబాద్ నుంచి చికాగో ఎంత దూరం?

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా శంషాబాద్ నుంచి చికాగోకు ఒక విమానం నడిపింది. మధ్యలో ఎక్కడా ఆగదు. హైదరాబాద్‌లో ఎక్కినవాళ్లు నేరుగా అమెరికాలోనే దిగడం అదే మొదలు. ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు గానీ, దాని వంకన అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఎంత?

అడిగిన చోటునిబట్టి జవాబు మారుతుంది. బడిలో గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత వెంట నేల మీద దూరం సుమారు 16,100 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం లాగి కొలిస్తే 13,280. దుబాయ్‌లో విమానం మారితే 14,190. లండన్‌లో మారితే 14,100. ఇక విమానం నిజంగా ఎగిరే దూరం వీటిలో దేనితోనూ సరిపోదు, పైగా రోజుకో రకంగా ఉంటుంది. ఇవాళ వెళ్లిన దారి రేపు ఉండదు. ప్రయాణానికి పట్టే సమయమైతే మరీ జారుడు సంగతి. దూరం పెరిగినా సమయం తగ్గిన సందర్భాలు ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు గోడ పటం సంగతి. మనకు బాగా అలవాటైన ప్రపంచ పటం 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పద్ధతిలోది. ఓడ నడిపేవాళ్ల కోసం గీశాడాయన. దిక్సూచిని ఒకే కోణంలో పట్టుకుని పోతే ఆ దారి పటం మీద తిన్నని గీతగా కనిపించాలన్నది ఆయన లెక్క. ఆ పని అది చక్కగా చేస్తుంది. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. దాంతో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి అందులో పద్నాలుగో వంతు కూడా ఉండదు. ఈ పటం మీద హైదరాబాద్ నుంచి చికాగోకు తిన్నగా గీసిన గీత అరేబియా సముద్రం, సౌదీ అరేబియా, ఈజిప్ట్, అల్జీరియా దాటి అట్లాంటిక్ మీదుగా పోతుంది. చూడ్డానికి దగ్గరి దారే. నిజానికి అది 2,800 కిలోమీటర్ల చుట్టు.

గుండ్రటి భూమి మీద దగ్గరి దారి వేరే. భూమిని సరిగ్గా మధ్యకు, రెండు సమాన భాగాలుగా కోసే వృత్తాన్ని మహావృత్తం అంటారు. ఏ రెండు చోట్లను తీసుకున్నా, వాటి గుండా పోయే మహావృత్తపు చిన్న ముక్కే వాటి మధ్య అతి తక్కువ దూరం. లెక్క కూడా పెద్ద కష్టం కాదు. భూకేంద్రం నుంచి చూస్తే శంషాబాద్‌కూ, చికాగో ఓహేర్ విమానాశ్రయానికీ మధ్య కోణం 119.45 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి నేల మీద 111.2 కిలోమీటర్లు. రెంటినీ హెచ్చవేస్తే 13,280 పైచిలుకు వస్తుంది. భూమి నికార్సయిన గోళం కాదు, నడుము దగ్గర వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసం కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. అందువల్ల ఈ లెక్క కొన్ని పదుల కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, పైన వృత్తం పెద్దదవుతుంది కదా అని అనుమానం రావచ్చు. అవుతుంది, కానీ మొత్తం ప్రయాణంలో ఎత్తు వల్ల కలిసేది 23 కిలోమీటర్లే. రెండు నిమిషాల్లోపు పని.

ఆ గీతను వెంబడించడం సరదాగా ఉంటుంది. శంషాబాద్ నుంచి దాదాపు తిన్నగా ఉత్తరానికి, కాస్త ఎడమకు ఒరిగి మొదలవుతుంది. అమెరికా పడమట ఉందని నమ్మేవాళ్లకు ఇదే మొదటి వింత. జైపూర్ పక్కగా, అమృత్‌సర్ మీదుగా, నంగా పర్బత్ శిఖరం దరిదాపుల్లో హిమాలయాలు దాటుతుంది. పామీర్ పీఠభూమి, కజకిస్తాన్ మైదానాలు, రష్యాలో ఉరల్ పర్వతాలు వరసగా వస్తాయి. అక్కడి నుంచి బారెంట్స్ సముద్రం మీదుగా నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో లాంగ్‌యియర్‌బ్యెన్ ఊరికి కొద్ది దక్షిణంగా పోతుంది. ఈశాన్య గ్రీన్‌లాండ్ తీరం దగ్గర 79 డిగ్రీల అక్షాంశాన్ని దాదాపు తాకుతుంది, దారంతటికీ ఉత్తరపు కొస అదే. ఆ తర్వాత గ్రీన్‌లాండ్ మంచుపలకను దాటి, కెనడాలో బాఫిన్ ద్వీపం, హడ్సన్ అఖాతపు తూర్పు అంచు, ఒంటారియో అడవుల మీదుగా చికాగోలోకి పైనుంచి కిందికి దిగుతుంది. గోడ పటం మీద చూపిన ఆఫ్రికా ఛాయలు కూడా ఇందులో లేవు. సీటు ముందు తెర మీద విమానం బొమ్మ మంచు దేశాల వైపు ఎందుకు ఎగబాకుతోందని కంగారుపడే ప్రయాణికులకు జవాబు ఇదే. విమానం తిన్నగానే పోతోంది, తెర మీది పటమే వంకర.

అయితే ఈ గీత కాగితం మీది కోరిక లాంటిది. దాని వెంట పొల్లు పోకుండా ఎగిరిన ప్రయాణికుల విమానం ఒక్కటి కూడా ఉండదు.

పామీర్ దగ్గరే మొదటి అడ్డంకి. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంటే ఏడు కిలోమీటర్ల కొండ దానికేం అడ్డం అనిపిస్తుంది. అంతా బాగున్నంతసేపు అడ్డం కాదు. కాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే మాత్రం పైలట్ వెంటనే పది వేల అడుగులకు, అంటే మూడు కిలోమీటర్లకు దిగాలి, మామూలుగా ఊపిరి తీసుకునేది అక్కడే. తల మీది నుంచి జారే ప్రాణవాయు మాస్కులు ప్రయాణికులకు ఇచ్చే గడువు పావుగంట అటూ ఇటూ. కింద ఐదారు కిలోమీటర్ల కొండలు వందల కిలోమీటర్ల దూరం పరుచుకుని ఉంటే దిగేదెక్కడ? అందుకే టిబెట్, పామీర్, హిందూకుష్‌ల మీద దారులు చాలా తక్కువ. ఉన్న కొద్ది దారుల్లోనూ, ఎక్కడ ఒత్తిడి పోతే ఎటు తిరిగి ఏ లోయలోకి దిగాలో ముందే గీసి పెట్టుకుంటారు.

రెండోది సరిహద్దు. ఆకాశానికి గోడలుండవని కవులంటారు గానీ, అక్కడ ప్రతి దేశానికీ ద్వారాలున్నాయి, కొన్ని మూతపడుతుంటాయి కూడా. బాలాకోట్ దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేసింది. పూర్తిగా తెరిచింది జూలై 16న. 2025 ఏప్రిల్ 24న భారత విమానాలకు మళ్లీ మూసింది. ఆ దెబ్బకు ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానాలు గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకున్నాయి. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఎయిర్ ఇండియా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆపేసింది. దానికి చెప్పిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి. అమృత్‌సర్ దాటగానే మన మహావృత్తం దూరేది కూడా ఆ గగనతలంలోకే.

రష్యాది ఇంకా పెద్ద కథ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, కెనడా, ఐరోపా దేశాలు రష్యా విమానాలను తమ ఆకాశంలోకి రానివ్వలేదు. రష్యా కూడా వాళ్లను రానివ్వలేదు. భూగోళం మీద అంత విశాలమైన నేల ఒక్కసారిగా మూతపడితే ఎలా ఉంటుందో ఫిన్‌లాండ్‌కు తెలిసొచ్చింది. హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటల్లో చేర్చడమే ఫిన్‌ఎయిర్ వ్యాపారానికి ఆయువుపట్టు. అది పదమూడు గంటల దాకా పెరిగింది. వాళ్లు ఉత్తర ధ్రువం మీదుగానైనా పోవాలి, లేదా దక్షిణంగా మధ్య ఆసియా చుట్టి రావాలి. భారత విమానాలకు మాత్రం రష్యా దారి తెరిచే ఉంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును ఆపుకోగా, ఎయిర్ ఇండియా అదే మార్గంలో నడుపుతూ వచ్చింది.

ఆ దారిలో ఏం జరగవచ్చో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న బోయింగ్ 777 విమానం ఇంజిన్‌లో లోపం తలెత్తి రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు. ఊరు చిన్నది. అందరికీ హోటళ్లు చాలక, కొందరికి బడిలో పడకలు వేశారు. మన దేశం నుంచి మరో విమానం వెళ్లి వాళ్లను ఎక్కించుకుంది. అసలు అంత మారుమూల దిగడానికి విమానాశ్రయం ఉందన్నదే ఆ దారి ఎంపికలో మొదటి షరతు. రెండు ఇంజిన్ల విమానాల్లో ఒకటి ఆగిపోతే, రెండోదాని మీద ఇన్ని నిమిషాల్లోపు ఏదో ఒక రన్‌వే అందాలన్న నిబంధన ఉంది. దాన్ని ఈటాప్స్ అంటారు. 1953లో అమెరికాలో ఆ గడువు 60 నిమిషాలు. ఇంజిన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ 1985లో 120కి, ఆ తర్వాత 180కి పెంచారు. 2011లో బోయింగ్ 777కు 330 నిమిషాల దాకా అనుమతి దొరికింది. ఒకే ఇంజిన్‌తో ఐదున్నర గంటలన్నమాట. సముద్రాల మీది దారులు ఏటేటా తిన్నబడుతూ వచ్చింది ఈ నమ్మకం వల్లే.

ఇక ఉత్తరాన 78 డిగ్రీలు దాటితే అమెరికా విమానయాన శాఖ లెక్కలో అది ధ్రువ ప్రాంతం. మన మహావృత్తం ఆ గీతను ఒక్క డిగ్రీ లోపు దాటుతుంది. ఆ ఒక్క డిగ్రీకీ నియమాల చిట్టా ఉంది. దిగాల్సి వస్తే బయట తిరిగి పని చేయడానికి సిబ్బంది కోసం చలిని తట్టుకునే సూట్లు కనీసం రెండు విమానంలో ఉండాలి. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద ఉంటాయి గనుక 82 డిగ్రీలు దాటాక అవి దిగంతం కిందికి జారిపోతాయి. అప్పుడు నేలతో మాట్లాడడానికి హెచ్‌ఎఫ్ రేడియోనే దిక్కు, సూర్యుడి మీద తుఫాను రేగితే అదీ మూగబోతుంది. అన్నిటికంటే ముందు చలి. మన దగ్గర నింపే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, అమెరికాలో నింపే జెట్ ఏ మైనస్ 40 దగ్గరే. బయట మైనస్ 60, 70 ఉండే రోజుల్లో రెక్కల్లోని ఇంధనం గంటల తరబడి చల్లబడుతుంది. పైలట్లు దాని ఉష్ణోగ్రతను చూస్తూ, అవసరమైతే కాస్త కిందికి దిగుతారు లేదా వేగం పెంచుతారు. ఇన్ని ఉన్నా ధ్రువ మార్గం ఆకర్షణ పోలేదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి సహా నలుగురు మహిళా పైలట్లు ఆ ధ్రువం వైపు నుంచే తెచ్చారు.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు కథ ఇదే.

చాలామంది పిల్లలు, కొంతమంది పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. హైదరాబాద్ ఉన్న అక్షాంశం దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,595 కిలోమీటర్లు. అలాంటప్పుడు విమానం పైకి లేచి పడమరకు తిరిగితే చికాగో దానంతట అదే ఎదురు రావాలి కదా? రాదు. విమానం నేలను వదిలినా గాలిని వదలదు, గాలి భూమితోపాటే తిరుగుతోంది. లేచే ముందు విమానానికి ఎంత తూర్పు వేగం ఉందో, లేచాకా అంతే ఉంటుంది. రైలు పెట్టెలో ఎగిరి గెంతినవాడు వెనక గోడకు కొట్టుకోకపోవడం అందరికీ తెలిసిందే.

ప్రశ్న మాత్రం తెలివితక్కువది కాదు. భూమి తిరగడం ప్రయాణ సమయాన్ని నిజంగానే మారుస్తుంది. కాకపోతే పిల్లాడు ఊహించినదానికి సరిగ్గా తిరగేసి. భూమధ్యరేఖ దగ్గర నేలా గాలీ గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతుంటాయి. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే ఢిల్లీకి కొంచెం పైన, వృత్తం చిన్నది కాబట్టి నేల వేగం 1,446 మాత్రమే. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి కదిలినప్పుడు తన తూర్పు వేగాన్ని మోసుకుని వస్తుంది. కింద నేల నెమ్మదిగా ఉంది, పైన గాలి వేగంగా ఉంది. ఆ తేడాయే నేల మీద నిలబడ్డవాళ్లకు పడమటి గాలిగా తెలుస్తుంది. దీనికి తోడు ఉత్తరాన చలిగాలికీ దక్షిణాన వేడిగాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత పదునుగా ఉంటే, పైన గాలి అంత బిగుసుకుని ఒక ఇరుకు ప్రవాహంగా మారుతుంది. ఇదే జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పదహారు కిలోమీటర్ల ఎత్తున, కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున, గంటకు 150 మొదలు ఒక్కోసారి 400 కిలోమీటర్ల దాకా వేగంతో వంకర్లు తిరుగుతూ భూమిని చుట్టేస్తుంది. చలికాలంలో బలం పెరుగుతుంది. మన ఉత్తర భారతం మీద కూడా ఒక పాయ పోతుంది.

దీన్ని మొదట కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. 1920లలో తతెనో పరిశీలన కేంద్రం నుంచి చిన్న బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరును లెక్కగట్టాడు. ఫలితాలను 1926లో ఎస్పరాంటో భాషలో అచ్చువేశాడు. అన్ని దేశాలవాళ్లకూ అర్థం కావాలన్న మంచి ఉద్దేశమే, కానీ ఎవరూ చదవలేదు. 1944 నవంబర్‌లో అమెరికా బి-29 బాంబర్లు టోక్యో మీదికి తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున వచ్చినప్పుడు ఆ గాలి వాళ్లకు ఎదురైంది. బాంబులు గురి తప్పాయి. అదే గాలిని నమ్ముకుని జపాన్ సుమారు 9,000 బెలూన్ బాంబులను పసిఫిక్ మీదుగా అమెరికా వైపు వదిలింది. శాంతి కోరే భాషలో రాసిన నివేదికలోని గాలి చివరికి ఇలా ఉపయోగపడింది.

జెట్ స్ట్రీములన్నీ పడమటివే కావు. వానాకాలంలో దక్షిణ భారతం మీద, ఇంకా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ ఒకటుంది. దాని లక్షణాలను వివరంగా తేల్చి 1958లో ‘టెల్లస్’ పత్రికలో రాసినవారు మన నెల్లూరులో పుట్టిన పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. నైరుతి రుతుపవనాల మీద పుస్తకం ఏది తెరిచినా ఈ తూర్పు జెట్ ప్రస్తావన ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన పేరు వెతుక్కోవాలి.

గాలి విమానాన్ని ఏం చేస్తుందో గోదావరి పడవవాళ్లకు చెప్పనక్కర్లేదు. వరద రోజుల్లో రాజమండ్రి నుంచి దిగువకు పోయే పడవకు తెడ్డు వేసినా వేయకపోయినా ఊళ్లు వెనక్కి పరుగెడతాయి. ఎగువకు రావాలంటే అదే తెడ్డుకు చేతులు పడిపోతాయి. నీటితో పోలిస్తే పడవ వేగం రెండుసార్లూ ఒకటే. విమానానికీ అంతే. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది, ఇంజిన్లకూ రెక్కలకూ తెలిసిన వేగం అదొక్కటే. నేల మీద ఎంత దూరం సాగిందన్నది గాలి చేతిలో ఉంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను వేళ న్యూయార్క్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలు దాటే ప్రయాణం. ఒక దశలో నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు మించింది. పత్రికలు ధ్వని వేగాన్ని మించిందని రాశాయి గానీ, చుట్టూ గాలితో పోలిస్తే ఆ విమానం ఎప్పటి వేగంతోనే పోయింది.

దూరం పెరిగి సమయం తగ్గిన సందర్భం ఉందన్నాను కదా. అది ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. మహావృత్తం మీద ఈ రెండిటి మధ్య దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. 2015 డిసెంబర్‌లో ఎయిర్ ఇండియా ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు పడమరగా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా నడిపింది. ఆ దారి 13,900 కిలోమీటర్లు, పైగా ఎదురుగాలి. 2016 అక్టోబర్‌లో విమానాన్ని అటు తిప్పేసి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయేదానికంటే ఎక్కువ. ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు. లెక్కగడితే సగటు వేగం గంటకు 1,050 దాటింది. ఆ అదనపు 150 ఇంజిన్లది కాదు, వెనకగాలిది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే గాలి కావాలంటే అట్లాంటిక్ మీదుగా తూర్పుకే రావాలి. అలా పోయి వచ్చిన విమానం ఒక టికెట్టు మీద భూమిని చుట్టేసినట్టే.

ఇందులో మన అంచనాకు అందని చిన్న మెలిక ఉంది. పోయేప్పుడు గాలి ఎదురైతే ఏం, వచ్చేప్పుడు వెనకనుంచి తోస్తుంది, చెల్లుకు చెల్లు అనుకుంటాం. చెల్లదు. మన 13,280 కిలోమీటర్లనే తీసుకోండి. గాలి లేకపోతే ఒక వైపు 14 గంటల 45 నిమిషాలు, రానూపోనూ 29 గంటల 31 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకుంటే వెనకగాలితో 13 గంటల 17 నిమిషాలు, ఎదురుగాలితో 16 గంటల 36 నిమిషాలు. మొత్తం 29 గంటల 53 నిమిషాలు. 22 నిమిషాలు ఎటు పోయాయి? ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు గడుపుతుంది, మేలు చేసే గాలిలో తక్కువసేపు గడుపుతుంది. కాబట్టి ఒకే దారిన పోయి ఒకే దారిన వస్తే నిలకడగా వీచే గాలి రెండు వైపులా కలిపి ఎప్పుడూ నష్టమే. బ్రిటన్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ విలియమ్స్ 2016లో దీన్నే వాతావరణ మార్పుకు ముడిపెట్టి లెక్కగట్టాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్ చలికాలంలో బలపడుతుంది. లండన్ నుంచి న్యూయార్క్ పోవడానికి 5 నిమిషాల 18 సెకన్లు ఎక్కువ, రావడానికి 4 నిమిషాలు తక్కువ పడుతుంది. తేడా ఒక నిమిషం 18 సెకన్లు. ప్రయాణికుడికి అది లెక్కలోకి రాదు. రోజూ వందల విమానాలు తిరిగే దారిలో ఇంధనం బిల్లు కట్టేవాళ్లకు వస్తుంది.

అందుకే సుదూరం పోయే విమానాలకు దారి ఏ రోజుకు ఆ రోజు గీస్తారు. బయల్దేరడానికి కొన్ని గంటల ముందు డిస్పాచర్లు వాతావరణ అంచనాలు కంప్యూటర్‌లో వేసి, ఏ ఎత్తున ఏ గాలి ఉందో చూసి, మూసిన ఆకాశాలు, తుఫానులు, ఆయా దేశాలు తమ మీదుగా ఎగిరినందుకు వసూలు చేసే రుసుములు అన్నీ కలిపి అతి తక్కువ ఖర్చయ్యే దారి తీస్తారు. వాళ్ల దృష్టిలో దూరమంటే నేల మీది కిలోమీటర్లు కావు, గాలిలో ఎగరాల్సిన కిలోమీటర్లు.

ఖర్చు అన్నాను కాబట్టి ఇంధనం గురించి కొంచెం. దూరం రెట్టింపైతే ఇంధనం రెట్టింపు కంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే చివరి గంటల్లో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి. అలా మోసే అదనపు ఇంధనంలో గంటకు మూడు నాలుగు శాతం దాన్ని మోయడానికే ఖర్చవుతుందని విమానయానంలో ఒక మోటు లెక్క ఉంది. బోయింగ్ 777-200ఎల్‌ఆర్ గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో లేస్తుంది, నిండుగా నింపితే అందులో 145 టన్నులు ఇంధనమే. అంత బరువుతో మొదట ఎక్కువ ఎత్తుకు పోలేదు. ఇంధనం కరిగి తేలికయ్యేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి పోతుంది. దుబాయ్‌లో దిగి మారితే దూరం పెరిగేది ఏడు శాతం లోపే, ఇంధనం మోత మాత్రం తగ్గుతుంది. ప్రయాణికుడికి నష్టమల్లా విమానాశ్రయంలో కూర్చునే గంటలు. టికెట్టు ధరలో ఆ గంటలకు విలువ కట్టి ఉంటుంది.

మోత సమస్యకు పాత ఉదాహరణ ఒకటి మన పొరుగునే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ చేతిలోకి పోయాక, ఆస్ట్రేలియాను బయటి లోకంతో కలపడానికి క్వాంటాస్ 1943 నుంచి 1945 దాకా పెర్త్ నుంచి సిలోన్‌లోని కొగ్గల సరస్సుకు కాటలీనా విమానాలు నడిపింది. 27 నుంచి 33 గంటల ప్రయాణం. శత్రువుకు తెలియకుండా రేడియో మూసుకుని, నక్షత్రాలు చూసుకుంటూ పోయేవారు. బరువంతా ఇంధనానిదే గనుక ముగ్గురే ప్రయాణికులు. దారిలో రెండు సూర్యోదయాలు చూసినందుకు వాళ్లకు ఒక సరదా పత్రం ఇచ్చేవారు. ఖాళీ విమానంతో ఎంత దూరం పోవచ్చో బోయింగ్ 2005 నవంబర్‌లో చూపించింది. 777-200ఎల్‌ఆర్ హాంకాంగ్ నుంచి లండన్‌కు తూర్పుగా, పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ దాటి 21,602 కిలోమీటర్లు 22 గంటల 42 నిమిషాల్లో ఎగిరింది. పడమరగా పోతే అందులో సగం దూరం కూడా లేదు. టికెట్టు కొని ఎక్కగలిగినవాటిలో అతి పొడవైనది సింగపూర్–న్యూయార్క్, 15,300 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే ఎయిర్‌బస్ ఏ350లలో చవక తరగతి సీట్లే లేవు, అంత దూరం మోయడానికి మనుషుల్ని తగ్గించుకోవాల్సి వచ్చింది.

టికెట్టు మీద వేసే సమయం గురించి రెండు ముక్కలు. అది గాల్లో గడిపే సమయం కాదు. గేటు దగ్గర బ్రేకు తీసినప్పటి నుంచి ఆ కొసన గేటు దగ్గర బ్రేకు వేసేదాకా. ఓహేర్ లాంటి చోట నేల మీద తిరిగే సమయమే అరగంట కావచ్చు. అందులో కంపెనీలు ఆలస్యాల కోసం కొంత అదనం కలుపుకుంటాయి. పైలట్ ఇరవై నిమిషాలు ముందే దించానని గొప్పగా ప్రకటించినప్పుడు అందులో కొంత ఆ అదనంలోదే. చలికాలపు పట్టికలో పడమటి ప్రయాణం ఎండాకాలం కంటే ఎక్కువ చూపిస్తే తప్పేమీ కాదు, ఎదురుగాలి బలపడింది. గడియారాల తేడా దీని మీద వేరే పొర. చికాగో మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక. శంషాబాద్‌లో జనవరిలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కి పదహారున్నర గంటలు ఎగిరినవాళ్లు అదే రోజు సాయంత్రం ఆరింటికి దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఆ బాకీ తీరుస్తారు. పైన చెప్పిన బెంగళూరు విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో 9వ తేదీ సాయంత్రం లేచి 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. ప్రయాణం 17 గంటలే, పదో తేదీ మాత్రం గాల్లోనే అయిపోయింది.

ఈ పోటీకి ఒక హద్దుంది. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు మించదు, చుట్టుకొలతలో సగమే అది. సిడ్నీ–లండన్ 17,000 దాటుతుంది. క్వాంటాస్ ప్రత్యేకమైన ఏ350లతో దాన్ని నేరుగా కలపాలని చూస్తోంది. సరిగ్గా 20,000 దగ్గర ఒక తమాషా ఉంది. హైదరాబాద్‌కు భూగోళపు అవతలి వైపు, కచ్చితంగా ఎదురుగా ఉన్న బిందువుకు పోవాలంటే ఏ దిక్కున బయల్దేరినా దూరం ఒకటే. ధ్రువం మీదుగా పోయినా, శ్రీలంక వైపు పోయినా, ముంబై వైపు తిరిగినా అంతే. దగ్గరి దారి అన్న మాటకే అర్థం ఉండదు గనుక, ఆ రోజు గాలి ఎటు అనుకూలమో అటు పోవడమే. ఆ బిందువు దక్షిణ పసిఫిక్‌లో 17 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 101 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. దిగాలంటే ఈస్టర్ ద్వీపానికి పోవాలి, మరో 1,360 కిలోమీటర్లు. అక్కడ మూడు కిలోమీటర్లకు పైబడిన రన్‌వే ఒకటి ఉంది.